తీరపు గురుతులు – మన యుపేక్ష

కోనసీమలో నేటికిని పూజకు గాని వ్రతమునకు గాని కూర్చున్న గృహస్థుడు మొదట చేయు పని యేది? తానున్న చోటును చెప్పుకొనుట. మేరువునకు దక్షిణమున, శ్రీశైలమున కీశాన్యమున, గోదావరీ శాఖల నడుమ నున్నవాడనని చెప్పిన పిమ్మట గాని యతడు కర్మ మారంభింపడు. దినదినము నోటవచ్చు నీ మాటలలో నొక శాస్త్రమిమిడి యున్నదని మనలో ననేకులు తలపోయరు. కదలని యొక కొండను గురుతుగా గొని, దానినుండి తానే దిక్కున నున్నాడో నిర్ణయించుకొనుటయే యీ సంకల్పము. సముద్రముపై నావ నడపువాడు చేయునదియు నిదియే. భేద మొక్కటి: గృహస్థుడు దిక్కు తప్పి చెప్పినచో పురోహితుడు దిద్దును, సరంగు దిక్కు తప్పినచో నిసుకతిప్ప దిద్దును.

ఓడలకు రేవు త్రోవ జూపుటకై తీరమున నిలిచియుండు గురుతులను గూర్చి మేమిచ్చట వ్రాయదలచితిమి. రాత్రి వెలుగు దీపస్తంభములను గూర్చి యందరు నెరుగుదురు. కాని యా స్తంభమే పగటివేళ దీపము లేకయే పని చేయుచున్నదని యెరిగినవారు తక్కువ. దాని యెత్తు, ఆకారము, ఒడలిపై పూసిన రంగుల పట్టెలు – ఇవి యలంకారములు గావు. ఒక తీరమున రెండు స్తంభము లున్నచో నొకదానిని జూచి రెండవదియని భ్రమపడకుండ వేరువేరు రంగులు పూయుదురు. స్తంభములకు ముందు కొండలు, గోపురములు, ధ్వజములు, ఒంటి తాడి చెట్లు నీ పనియే చేసినవి. పూరీ జగన్నాథుని యాలయమునకు తెల్ల పగోడా యనియు, కోణార్కమునకు నల్ల పగోడా యనియు పేర్లు పెట్టినవారు భక్తులు కారు, వంగ సముద్రమున దిరిగిన పరదేశపు నావికులు. మన దేవళములు తమ భక్తులకే గాక తమ్మెరుగని వారికిని దారి చూపినవని మనకు వారి పటములు చెప్పవలసి వచ్చినది.

ఇక మన తీరము మాట. ఉత్తరాంధ్రమునకు ప్రకృతి కొండల నిచ్చినది. విశాఖపట్టణమున రేవు ముఖముననే డాల్ఫిన్స్ నోస్ కొండ నిలిచియున్నది. భీమునిపట్టణమునకు బోవు నోడలను సముద్రములోని రాళ్ల గూర్చి హెచ్చరించుటకై శాంతపల్లి గుట్టమీద 1847లోనే దీపస్తంభము గట్టిరి. కోనసీమకు కొండ లేదు, గుట్ట లేదు. రెండు ప్రక్కల గోదావరి పాయలును, మూడవ ప్రక్క సముద్రమును గల యీ భూమి నది దెచ్చిన యొండ్రుతో నేర్పడినది. అంతర్వేది మొదలు గౌతమీ ముఖమువరకు సముద్రమునుండి చూచువానికి గనబడునది యొక్కటే గీత: క్రింద నిసుక, పైన సరుగుడు, కొబ్బరి, తాడి. పది మైళ్లు ముందునకు బోయినను నదియే గీత, వెనుకకు మరలినను నదియే గీత. మన కన్నులకు కోనసీమ సౌందర్యమైనది దారి వెదకువాని కన్నులకు చిక్కుముడి. దీనికి తోడు నది ప్రతి సంవత్సరము నిసుకను దెచ్చి సముద్రములోనికి త్రోయుచున్నది. ఆ తిప్పలు నీటి క్రింద దాగి యుండును.

ఇందులో లెక్క కొంచెము కలదు. భూమి గుండ్రముగా నుండుటచే నెత్తు తక్కువైన వస్తువు త్వరగా నీటి యంచున మునిగిపోవును. ఎత్తును మీటరులలో దీసికొని వర్గమూలము గట్టి 3.57తో గుణించినచో దృష్టి పోవు దూరము కిలోమీటరులలో వచ్చును. నీటికి 4 మీటరుల యెత్తున కన్నుంచి చూచువానికి 7 కిలోమీటరుల వరకు సముద్రము కనబడును. 16 మీటరుల తాడి చెట్టు మరి 14 కిలోమీటరులు కలుపును. 36 మీటరుల స్తంభము 21 కలుపును. అనగా చెట్టు తల 21 కిలోమీటరుల దూరమునను, స్తంభపు తల 28 కిలోమీటరుల దూరమునను గనబడవలెను. ఈ 7 కిలోమీటరుల యంతరములో నావ మరలుటకు వలయు సమయము కలదు. పైగా చెట్టు తీరమున్నదని మాత్రమే చెప్పును. స్తంభ మిది యే తీరమో చెప్పును.

ఈ మాట కల్పన గాదు. 1867 జూన్ 19వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రముల యుద్ధనౌక సాక్రమెంటో కలకత్తాకు బోవుచు గోదావరి మొగల యెదుట నిసుకమేటపై దగిలి పాడైపోయినది. అదృష్టవశమున నందరును ప్రాణములతో బయటపడిరి. నౌకాధిపతి నెపోలియన్ కాలిన్స్ అను నతడు తన దేశమున విచారణకు నిలిచి శిక్ష ననుభవించెను. నేర మతనిదే కావచ్చును. ఆ తీర్పును దిద్దుట మా పని గాదు. కాని యా మేట నేటికిని నావికుల పటములలో సాక్రమెంటో పేరనే యున్నది. మన తీరమున నా పేరనే దీపస్తంభమును గలదు. ఇట్లు మన యింటి ముందరి తిప్పకు నొక పరదేశపు టోడ పేరు నిలిచినది. అమలాపురమున, రాజోలున, కొత్తపేటలో నుండు చదువుకొన్నవారిలో నీ పేరు విన్నవారెందరు? విన్నవారిలో నది యెందుకు వచ్చినదో యెరిగినవారెందరు? పరీక్షల కొరకు కాలిఫోర్నియా రాజధాని పేరు సాక్రమెంటో యని వల్లించు మన బాలునకు తన యూరి సముద్రములోని సాక్రమెంటో తెలియదు. ఈ లజ్జ బాలునిది గాదు, బోధించు మాది.

మన కీ యుపేక్ష యెక్కడనుండి వచ్చినది? పూర్వులనుండి యందుమా? పూర్వులు మనవలె లేరు. కౌటిల్యుడు నావధ్యక్షుని విధులు చెప్పుచు, గాలివాత బడి వచ్చిన నావయెడ నతడు తండ్రివలె ననుగ్రహము చూపవలెననియు, నీట దడిసి చెడిన సరకునకు సుంకము విడువవలెను లేదా సగమే గొనవలెననియు విధించెను. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన యభయశాసన మింతకంటె గొప్పది. అంతకు మున్ను తుపానుచే నొడ్డున బడిన యోడలలోని బంగారము, గుఱ్ఱములు, రత్నములు సమస్తమును రాజులు బలాత్కారముగా గొనుచుండిరి. గణపతిదేవుడు దానిని మాన్పి, ముప్పదింట నొక పాలు సుంకము దక్క వేరేమియు గొననని ఱాతిపై జెక్కించెను. ధనము ప్రాణములకంటె నెక్కువయని తలచి సముద్రయాన సాహసము చేసినవారియెడ దయతో, ధర్మమునకును గీర్తికిని నాయన యిట్లు చేసెను. ఆ ఱాయి సముద్రపు బాటసారికి నిలిపిన గురుతు గాక మరేమి?

కోనసీమలోనే మరియొక సాక్ష్యము కలదు. అంతర్వేదిలో వసిష్ఠ గోదావరి సముద్రమున గలియు చోట వెలసిన లక్ష్మీనరసింహస్వామి యాలయమును నేటి రూపమున 1823లో గట్టించినవాడు కొపనాతి కృష్ణమ్మ. అగ్నికుల క్షత్రియుడు, ఓడల యజమాని. సముద్రమున దప్పిపోయిన తన యోడలు క్షేమముగా దిరిగి వచ్చుటచే నతడు స్వామి కోవెల పూర్తి చేసెనని స్థలకథ. కథ కేమి గాని, మొగ యొడ్డున నిలిచిన యా గోపురమును జూడుడు. సాగరమున ధనమార్జించినవాడు సాగరమునుండి కనబడు చోటనే ధనము వెచ్చించెను. మనము దానిని రేవునుండి గుడిగా జూచుచున్నాము. అతని వంశమువారు నావనుండి గుడిగను గురుతుగను జూచుచున్నారు. రెండు దృష్టులలో నేది పూర్ణమైనది?

నడుమ వచ్చిన చీకటిని గూర్చి నిర్మొగమాటముగా జెప్పక తప్పదు. బౌధాయనుడు సముద్రయానమును పతనహేతువులలో జేర్చెను. మనువు శ్రాద్ధభోజనమునకు దగనివారిలో సముద్రయాత్రికుని బేర్కొనెను. ఆ మనువే నౌకా వ్యాపారమున వడ్డీని సముద్రయానము దెలిసినవారే నిర్ణయింపవలెనని చెప్పియుండుట మన పండితులు దాటిపోవుదురు. శాస్త్రమున రెండు మాటలున్నపుడు మనము భయపు మాటనే పట్టుకొంటిమి. పట్టుకొని యేమి చేసితిమి? సముద్రముమీద వచ్చిన సరకును వలదంటిమా? లేదు. సముద్రమున బోయి వచ్చినవానిని మాత్రము పంక్తినుండి లేపితిమి. గౌతమి యావలి యొడ్డున నున్న కోరంగి రేవునుండి లెక్కలేనంత మంది తెలుగు కూలీలు రంగమునకు బోయి యచ్చటి మిల్లులలో, రేవులలో జెమటోడ్చిరి. వారి రేవు పేరే వారి జాతి పేరై, బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలిచిరి. 1839 నవంబరు 25వ తేదీ యుప్పెనలో నా కోరంగి నాశనమైనది. సముద్రమున బ్రతికినవారును జచ్చినవారును వేరొక కులమువారగుటచే, సముద్రమును గూర్చిన జ్ఞానమును వారిదే యనుకొని మనము గ్రంథములు మూసికొంటిమి. నిషేధము పోయినది. నేడు కోనసీమ యగ్రహారములలో నమెరికాకు బిడ్డ నంపని యిల్లరుదు. కాని యిండ్లవారు సముద్రముపై నెగిరిపోవుచున్నారే గాని దానివైపు చూచుట నేర్వలేదు. ఆచారము చచ్చినను దాని యంధత్వము బ్రతికియున్నది.

ఇచ్చట నొక పెద్ద యాక్షేపణ వచ్చును. 'ఉపగ్రహములు దారి చూపు కాలమున నీ స్తంభము లెందుకు? జేబులోని ఫోనే మనమున్న చోటు చెప్పుచున్నది గదా!' విద్యావంతుల నోట నీ మాట మేము తరచుగా విన్నాము. ఒకమారు మా విద్యార్థులను అంతర్వేది తీరమునకు దీసికొని పోయినపుడు నావ బాగుచేసికొనుచున్న యొక వృద్ధు నీ ప్రశ్నయే యడిగితిమి. ఆయన చేతిలోని పని యాపక, 'యంత్రం మనం ఎక్కడున్నామో చెప్పుద్దండి మేష్టారూ. మొగ ఇయ్యాల ఎక్కడుందో చెప్పదండి. ఇసక నిన్నటి సోట ఉండదు గదండీ' అనెను. పిమ్మట నొక చెట్టును దాని వెనుక దూరముగా నున్న వేరొక యెత్తైన గురుతును జూపి, ఆ రెండును నొక గీతలోనికి వచ్చినపుడు నావ త్రోవలో నున్నట్లనియు, ఎడమైనచో తిప్పవైపు జరుగుచున్నట్లనియు బోధించెను. త్రోవ మారినపుడు తామే వెదురు గడకు గుడ్డ గట్టి పాతుకొందుమని చెప్పెను. రేఖాగణితమున రెండు బిందువులచే నొక సరళరేఖ నిర్ణయమగునని మేము నల్లబల్లమీద నెన్నియోమారులు వ్రాసితిమి. ఆ సిద్ధాంతముపై ప్రాణము లాధారపడియుండుట మా కండ్లతో నానాడే చూచితిమి. మా వెంట వచ్చిన బాలురలో నొక పల్లెకారు బిడ్డ యుండెను. లెక్కలలో వెనుకబడినవాడని మేము ముద్రవేసిన యా బాలుడే మిగిలినవారి కా దినమున గురువయ్యెను.

ఆ వృద్ధుని మాటలోని తర్కమును కాదనువారెవరు? యంత్రము చెప్పునది పటములోని చోటు. పటము గీచిన నాటి తిప్ప నేడచ్చట లేదు. యంత్రము తడియును, దాని బలము తరుగును. కన్ను తడిసినను జూచును. నిజమునకు యంత్రమును గురుతును పరస్పర వైరులు గావు. ఒకటి చెప్పినదానిని రెండవది సరిచూచును. రెండు సాక్ష్యము లేకమైనపుడే న్యాయస్థానము నమ్మును గదా. తెలిసిన నావికుడు యంత్రమును జూచుచునే కిటికీలోనుండి తీరమునుగూడ జూచును. పెద్ద యోడల కెన్ని సాధనములైన గలవు. చిన్న పడవవాని కున్న కడపటి సాధనము తీరమున నిలిచిన గురుతే. 'నాకక్కరలేదు గావున నెవరికిని నక్కరలేద'నుట యజ్ఞానమంత సులభమైనది, దానికంటె క్రూరమైనది.

మరికొంద రీ స్తంభములు దొరలు తమ వర్తకమునకై గట్టుకొన్నవి, మనకేమి యందురు. వర్తకమునకే కట్టిరి, దయచేత గాదు, అంగీకరించితిమి. కాని దీపము నూనె పోసినవాని కొక్కనికే వెలుగదు. కొబ్బరి చెట్టును తాత నాటెను గావున గాయ కోయనను మనుమడు కోనసీమలో నున్నాడా? పరుడు గట్టిన గురుతును గాపాడుకొనుటలో మన కవమానము లేదు. మన గురుతును మన మెరుగకుండుటయే యవమానము. ఇంగ్లండు దేశమున 1566లోనే యొక చట్టము చేసిరి. సముద్రమునుండి గురుతుగా నుపయోగపడు గోపురమును గాని చెట్టును గాని పడగొట్టినవానికి నూరు పౌనుల దండనము. చెట్టు భూస్వామిదే, కాని దానిని జూచి బ్రతుకువారి హక్కు దానిపై నున్నదని యా చట్టము గుర్తించినది. ఇట్టి ధర్మసూక్ష్మము మన గణపతిదేవునికి మూడు శతాబ్దములకు ముందే తెలియును. ఆ వారసత్వము నడుమ దెగినది మనవలననే.

మన దేశమునందును చట్టము లేకపోలేదు. 1927 నాటి దీపస్తంభముల చట్టమునకు బదులుగా 2021లో నౌకాయాన సహాయ సాధనముల చట్టము వచ్చినది. ప్రాచీన స్తంభములను వారసత్వ సంపదగా బ్రకటించి, విద్యకును సంస్కృతికిని వినియోగించుటకు దానిలో వీలున్నది. కాని చట్టము తనంత దాను నడచి వచ్చి తలుపు తట్టదు. అడుగువారుండవలెను.

కావున మేము కోరునవి మూడు. మొదటిది, కోనసీమలోని ప్రతి పాఠశాలయు సంవత్సరమున కొక దినమైన బాలబాలికలను సముద్రతీరమునకు గొనిపోయి, స్తంభపు నీడను గొలిచి యెత్తు లెక్కింపజేసి, దాని చరిత్రము చెప్పి, పల్లెకారులచేత గురుతుల పాఠము చెప్పింపవలెను. ఆ దినమున వారు గురువులు, మేము శిష్యులము. రెండవది, నదీముఖములవద్ద త్రోవ మారినప్పుడెల్ల, ఆ త్రోవలో దిరుగువారిని సంప్రదించి, కనబడు గురుతులను మార్చి నిలుపు బాధ్యతను పంచాయతీలును ప్రభుత్వ శాఖలును వహింపవలెను. వెదురు గడకు గట్టిన గుడ్డముక్క యొక జిల్లా వివేకమునకు హద్దు గారాదు. మూడవది, క్రొత్త స్తంభము లేచినచోట పాతదానిని పడగొట్టకుండ, దానిగోడలపై పేర్లు గీయకుండ, మనమే కాపరులము గావలెను.

ఇంతటి శక్తి మనకు లేదని యెవరైన నందురేమో. 2020 సెప్టెంబరులో నంతర్వేది స్వామివారి రథము కాలిపోయినపుడు రాష్ట్రమంతయు గలత చెందినది. 2021 ఫిబ్రవరి నాటికి క్రొత్త రథము సిద్ధమైనది. మంచిది, మేమును సంతసించితిమి. మనస్సుండిన మార్గముండునని దీనివలన దేలినది. స్వామి యేడాదికొక దిన మూరేగు రథమునకు జూపిన యాతురతలో వెయ్యవ పాలు, స్వామి కోవెల గట్టించినవాని వంశమువారు దినదినము దాటు మొగమీద జూపుటకు మనకేమి యడ్డము?

చదువరులలో గృహిణులు గలరు. వారి కొక మనవి. మాఘమాసమున స్వామి కల్యాణమునకు బోవుదురు గదా. దర్శనమైన పిమ్మట బిడ్డలను వెంటబెట్టుకొని తీరమునకు బోయి యా దీపస్తంభమును జూపుడు. అది ఫొటోకు నిలువబడు చోటు మాత్రమే గాదనియు, ఎవరి బిడ్డయో యిల్లు చేరుట కది కన్నులు దెరచి నిలిచియున్నదనియు జెప్పుడు. కార్తికమున మన దేవాలయముల ధ్వజస్తంభములకు ఆకాశదీపము నెత్తుచున్నాము. పితృదేవతలకు దారి కనబడుటకని పెద్దలు చెప్పుదురు. గతించినవారి దారికి దీపమెత్తు జాతి, బ్రతికి యింటికి వచ్చువారి దారికి గురుతు నిలుపుట ధర్మము గాదని యే శాస్త్రముతో వాదించును?